దూది అంటించిన గొర్రెపిల్ల

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది. ఇప్పుడు లేదా అంటే ఉంది. కాకపోతే బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక దాన్ని ఇంటి దగ్గర వదిలి వెళ్ళడం అలవాటైంది. ఆ రోజులంటే మరీ తాతల నాటివి కావు లెండి. ప్రతివాడి చేతిలోకీ పెద్ద ఫోను వచ్చి, పెళ్ళి నుంచి పెద్దకర్మ దాకా ప్రతిదీ లైవ్ పెట్టడం మొదలైన రోజులే. నేను నూజివీడులో డిగ్రీ చదువుతూ, ఆగిరిపల్లి అవతల ఒక ఊళ్ళో మా అమ్మమ్మ దగ్గర ఉండేదాన్ని. ఊరి చుట్టూ మామిడితోటలు, తోటల అంచున మా చర్చి. ఆ చర్చికి ఏ ఆదివారం వెళ్ళినా మమ్మల్ని గొర్రెలనేవారు. బయట ఎవడైనా గొర్రె అంటే కర్ర పట్టుకుని తగువుకు వెళ్ళే మనుషులం, గుడిలో అంటే మాత్రం తల వంచుకుని 'ఆమేన్' అనేవాళ్ళం.

గొర్రె అనడంలో తప్పు లేదని నాకూ తెలుసు. మా పాత అయ్యగారు (పాస్టరుగారిని మేం అలాగే పిలుస్తాం) కూడా అనేవారు. అయితే ఆయన ఎక్కువగా కాపరి గురించి చెప్పేవారు. కాపరి ఎండలో తిరుగుతాడు, ముళ్ళలో చెయ్యి పెడతాడు, కుంటిదాన్ని ఎత్తుకుంటాడు అని చెబుతుంటే మాకు కూడా అలా ఎత్తుకునేవాడు ఒకడున్నాడని ధైర్యంగా ఉండేది. ఆయన పోయాక వచ్చిన కొత్త అయ్యగారు కుర్రవాడు, పట్నంలో బైబిలు కాలేజీలో చదివినవాడు, ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల మనిషి. ఈయన కాపరిని వదిలేసి గొర్రెల మీద పడ్డారు. గొర్రె ఎదురు చెప్పకూడదు, గొర్రె ప్రశ్న వేయకూడదు, గొర్రె మంద దాటకూడదు. (కాపరి ఏం చేయకూడదో ఒక్క ఆదివారం కూడా చెప్పలేదు.) నాకు ఒళ్ళు మండేది. అమ్మమ్మేమో, "పెద్దచదువు చదివొచ్చారే, ఆయనకి తెలీదా?" అని నన్ను కసిరేది.

మా అమ్మమ్మకు ఆ గుడి పుట్టిల్లు లాంటిది. అది తాటాకు పాకగా ఉన్నప్పుడు పేడతో అలికింది ఆవిడే. కానీ వేసవి వస్తే మామిడి కోతలు. చెట్టు కింద కూర్చుని తొడిమ తుంచి, సొన కారనిచ్చి, కాయను సైజు చూసి ట్రేల్లో పేర్చే పని ఆవిడది. సోమవారం మార్కెట్టుకు అందాలంటే లారీ ఆదివారమే బయలుదేరాలి. పండు మన ప్రార్థన అయ్యేదాకా ఆగదు. అందుకని మా ఊళ్ళో కోతల రోజుల్లో సగం సంఘం తోటల్లోనే ఉండేది. పాత అయ్యగారికి అది తెలుసు కాబట్టి ఎవరినీ ఏమీ అనేవారు కాదు. కొత్తాయన ఒక ఆదివారం ఖాళీ చాపలు చూసి మండిపడి, తప్పిపోయిన గొర్రెలంటూ మైకులో పేర్లు చదవడం మొదలుపెట్టారు. అందరికన్నా ముందు మా అమ్మమ్మ పేరు. గుడి పైన ఉన్న మైకు గొట్టాల్లో ఒకటి సరిగ్గా తోటల వైపే నోరు తెరుచుకుని ఉండేది. ఆ వేళ సాయంగా నేనూ అమ్మమ్మ పక్కన కూర్చుని కాయలు తుడుస్తున్నాను. ఆవిడ పేరు గాల్లోంచి వచ్చి తోటంతా వినబడింది.

పక్కన కూర్చున్న ఆవిడ (వాళ్ళు మా గుడివాళ్ళు కాదు) సంబరంగా, "ఏంటత్తా, మైకులో నీ పేరు చదువుతున్నారు! లక్కీ డ్రా గానీ తగిలిందా?" అంది.

"కాదే. నేను తప్పిపోయానంట," అంది అమ్మమ్మ.

"ఇక్కడే ఉన్నావుగా! ఇంకా ఏదో గొర్రె అంటున్నారేంటి? పేరు పెట్టి మరీ తిడతారా మీ గుళ్ళో?"

"తిట్టు కాదులేవే. మాలో అలాగే అనుకుంటాం," అని నవ్వింది అమ్మమ్మ. నవ్వుతూనే తొడిమ తుంచబోయి కాయను చీరేసింది. అంతమంది ముందు తన పరువు పోయినా గుడి పరువు పోకూడదని ఆవిడ ఆరాటం. సాయంత్రం ఇంటికి వచ్చి, దండెం మీద ఆరేసిన చీరలో మొహం దాచుకుని ఏడ్చింది. ఎందుకంటే పేరు చదవడంతో అయిపోలేదు, బల్ల కూడా ఆపేస్తున్నానని అయ్యగారు ప్రకటించారు. నెలలో మొదటి ఆదివారం అందరితో కలిసి ఆ రొట్టెముక్క, ఆ కాస్త ద్రాక్షరసం పుచ్చుకోవడమే మాకు బల్ల. "అన్నం మానెయ్యమంటే మానేస్తానే. మీ తాతయ్య పోయిన నెల కూడా నేను బల్ల మానలేదు. ఈ వయసులో బల్ల లేకుండా పోతే ఎట్లాగే నాకు?" అంది. నాకు ఏడుపు రాలేదు. కోపం మాత్రం చెవుల్లోంచి వచ్చింది.

మర్నాడు ఆవిడ అయ్యగారింటికి బయలుదేరితే నేనూ వెంటపడ్డాను. గుమ్మంలో నిలబడి, "వందనాలండీ అయ్యగారూ. కోతల రోజులండీ. పొద్దున్నే మోకరించి ప్రార్థన చేసుకునే వెళ్తున్నానండీ," అని చెప్పుకుంది. ఆయన కుర్చీలోంచి లేవకుండా, "గొర్రె కారణాలు చెప్పకూడదమ్మా," అన్నారు.

"మరేం చెప్పాలండీ? మే అనాలా?" అన్నాను నేను. అమ్మమ్మ నా తొడ మీద పెట్టిన గిచ్చు వారం రోజులు నల్లగా ఉంది.

ఆయన నన్ను పట్టించుకోకుండా తన ఆలోచన చెప్పారు. వచ్చే బల్ల ఆదివారం 'మంద చేరిన గొర్రె' అని కార్యక్రమం. ఫ్లెక్సీ కట్టిస్తారు, ఫోనులో లైవ్ ఇస్తారు. ఆయన తెల్లబట్టల్లో, భుజాల మీద నిజమైన గొర్రెపిల్లతో గేటు దగ్గర్నుంచి నడిచి వస్తారు. వెనకాలే మా అమ్మమ్మ ముసుగు వేసుకుని రావాలి. వచ్చి, 'నేను తప్పిపోయాను' అని మైకులో ఒప్పుకుంటే అప్పుడు బల్ల ఇస్తారు. "కన్నీళ్ళు వాటంతటవే వస్తే మంచిదమ్మా. బలవంతమేం లేదు," అని దయగా చెప్పారు కూడా. అమ్మమ్మ సరేనంది. దారి పొడుగునా నేను ఆవిడతో పోట్లాడాను. "బైబిలు కథలో తప్పిపోయిన గొర్రెని వెతుక్కుంటూ కాపరే వెళ్తాడు అమ్మమ్మా! మన ఊళ్ళో కాపరింటికి గొర్రె వెళ్ళి తలుపు కొట్టాలా? అదెక్కడి న్యాయం?" అంటే, "న్యాయం నాకెందుకే, బల్ల కావాలి," అని ముందుకు నడిచింది. నా కోపం ఇంకా పెరిగింది.

ఇక గొర్రెపిల్లను తెచ్చే పని ఎవరి మీద పడిందనుకున్నారు? యువజనుల కార్యదర్శిని కదా, నా మీదే. చర్చి పక్కన కోసేసిన మాగాణిలో ఎరువు కోసం మంద పెట్టించారు. రెడ్డిగూడెం వైపు నుంచి మందను తోలుకొచ్చిన గొర్రెలాయన్ను బతిమాలి, ఆ ఆదివారం పొద్దున ఒక బుజ్జిపిల్లను చంకన పెట్టుకొచ్చాను. గోధుమరంగు ఒళ్ళు, వేలాడే చెవులు, సన్నటి కాళ్ళు. అయ్యగారు దాన్ని చూసి నిర్ఘాంతపోయారు.

"గొర్రెని తెమ్మంటే మేకని తెచ్చావేంటమ్మా?"

"ఇది గొర్రేనండీ."

"గొర్రె తెల్లగా, ఉంగరాల బొచ్చుతో ఉంటుంది. ఇదిగో చూడు," అని గోడ మీద క్యాలెండరు చూపించారు.

ప్రతి ఆదివారం గంటలకొద్దీ గొర్రెల గురించి చెప్పే మనిషి జన్మలో గొర్రెను చూడలేదు! క్యాలెండరులో ఉన్నది ఏ మంచుదేశం గొర్రో. మా ఎండలకు ఆ బొచ్చుంటే అది ఇడ్లీలా ఉడికిపోతుంది. మా సంఘపెద్ద మైకు మావయ్య (మైకూ, లైవూ రెండూ ఆయన చేతిలోనే ఉండేవి కాబట్టి ఆ పేరు) కూడా, "మన వైపు గొర్రెలిట్టాగే ఉంటాయండీ," అని నచ్చజెప్పబోయాడు. అయ్యగారు వినలేదు. "తీర్పు రోజున గొర్రెలు కుడి పక్కకి, మేకలు ఎడమ పక్కకి, అంటే నరకానికి పోతాయని మొన్ననేగా చెప్పాను. ఇప్పుడు నేనే మేకని మోస్తే లైవ్‌లో చూసేవాళ్ళేమనుకుంటారు?" అని బాధపడి, కాసేపు ఆలోచించి, మెడికల్ షాపు నుంచి దూది కట్టలు తెప్పించారు. ఆదివారపు బడి పిల్లలు క్రిస్మస్ నక్షత్రాలకు వాడగా మిగిలిన జిగురు డబ్బా ఉండనే ఉంది. ఆ పసిదాని ఒంటినిండా జిగురు పూసి దూది అంటించారు. వద్దండీ, ఎండకు చర్మం బిగుస్తుందండీ అని నేను అరుస్తూనే ఉన్నాను. గొర్రె ఎదురు చెప్పకూడదు కదా, నా మాట ఎవరూ వినలేదు.

కార్యక్రమం మొదలైంది. అయ్యగారు చొక్కాకు చిన్న మైకు తగిలించుకుని, గొర్రెపిల్లను భుజాల మీద వేసుకుని, కాళ్ళు రెండు చేతులతో పట్టుకుని గేటు దాటారు. వెనకాల మా అమ్మమ్మ, పెట్టెలోంచి తీసిన తెల్లచీర ముసుగు వేసుకుని, తల దించుకుని. ఆవిడను అలా చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. సరిగ్గా అప్పుడే మాగాణిలోంచి తల్లిగొర్రె గట్టిగా అరిచింది. పిల్ల ఒక్కసారి బిగుసుకుని, అయ్యగారి మెడ వెనకాల వెచ్చగా పోసేసి, రెండు కాళ్ళతో ఆయన చెవి మీద తన్ని కిందకు దూకింది. "అమ్మో! పట్టుకోండర్రా దీన్ని! ఛీ ఛీ, నా చొక్కా!" అన్న అయ్యగారి కేక నాలుగు గొట్టాల్లోంచి తోటలన్నిటికీ వినబడింది. మైకు మావయ్య కంగారులో మైకు ఆపడం మర్చిపోయి లైవ్ ఆపేశాడు.

పిల్ల తిన్నగా తల్లి దగ్గరికి పరిగెత్తింది. తల్లి ఆత్రంగా వాసన చూసింది. జిగురు కంపు కొట్టేసరికి తలతో ఒక్క కుమ్ము కుమ్మింది. మళ్ళీ వెళ్తే మళ్ళీ కుమ్మింది. కన్నబిడ్డను తరిమేస్తూ బిడ్డ కోసమే అరుస్తోంది ఆ తల్లి. దిక్కుతోచని పిల్ల కంచె కింద దూరి మామిడితోటల్లో పడి మాయమైపోయింది. ఇంకేం బల్ల, ఇంకేం ఆరాధన! జనం నవ్వేవాళ్ళు నవ్వుతూ, తిట్టేవాళ్ళు తిడుతూ చెదిరిపోయారు. అమ్మమ్మ కాసేపు గేటు దగ్గర నిలబడి, "ఇవాళ కూడా లేనట్టేగా. లోడింగుకైనా అందుతాను," అని ముసుగు తీసి ఇంటికి వెళ్ళి, పనిచీర కట్టుకుని తోటకు పోయింది.

గొర్రెలాయన వచ్చి అయ్యగారికి అడ్డంగా నిలబడ్డాడు. ఖరీదు కట్టిస్తామని మైకు మావయ్య అంటే, "పొదుగు బిగిసి నా గొర్రె అల్లాడుతుంటే ఖరీదేం చేసుకోనండీ? నాకు పిల్ల కావాలి. నేను వెళ్దామంటే మందనొదిలి కదల్లేను. ఇవి తోటల్లో పడ్డాయంటే కాయంతా మేసేస్తాయి," అన్నాడు. (ఆ కథలో కాపరి మిగతావాటిని వదిలేసి వెళ్తాడు. వాటి చుట్టూ కోతకొచ్చిన రసాల తోటలు లేవు మరి.) తర్వాత అయ్యగారిని ఎగాదిగా చూసి, "నేను కాపరిని, నేను కాపరిని అని మైకులో చెప్పుకుంటారుగా. మాకూ వినబడుతుందండీ. వెళ్ళండి మరి," అన్నాడు. ఆ రోజు నాకు దొరికిన మొదటి సంతోషం అది.

మైకు మావయ్య మోకాళ్ళు మొదటి కంచె దగ్గరే మొరాయించాయి. ఇక అయ్యగారు, నేను. సాయం చేద్దామని కాదు, ఆయన అవస్థ కళ్ళారా చూద్దామనే వెళ్ళాను. తుమ్మకంచెకు అక్కడక్కడా చిక్కుకున్న దూది పింజలే మాకు ఆనవాలు. ఆయన పాంటు చిరిగింది. చెప్పు తెగితే రెండోది కూడా విడిచేసి, కాలే నేల మీద గంతులేస్తూ నడిచారు. ఒకచోట పొదలో తెల్లగా కదిలితే, "రా... రా..." అని మెత్తగా పిలిచారు. అది ఇంకో తోటలోకి దూకింది.

"గొర్రెలు కాపరి స్వరం గుర్తుపడతాయని బైబిల్లో ఉందిగా. మీ స్వరం గుర్తుపట్టలేదేమోనండీ," అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపుకు పచ్చికాయ పండాల్సిందే.

అంతలో ఒక తోట కాపలాదారు కర్ర ఎత్తుకుని వచ్చి, "ఎవర్రా అది? కాయలు కోస్తున్నారా?" అన్నాడు.

"కాదండీ, గొర్రెపిల్ల తప్పిపోయింది. నేను పాస్టర్నండీ," అన్నారు అయ్యగారు చేతులు రెండూ పైకెత్తి.

"పాస్టరైతే ఆదివారం పూట గుళ్ళో ఉండాలిగా? తోటలో నీకేం పని?"

ఎత్తిన చేతులు దించడం కూడా మర్చిపోయారాయన. అది మా అమ్మమ్మను ఆయన అడిగిన ప్రశ్నే. నేను చెట్టు చాటుకు వెళ్ళి కడుపు పట్టుకుని నవ్వుకున్నాను. తర్వాత ఆ నవ్వులోంచే మళ్ళీ కోపం పొంగుకొచ్చింది. ఈయన్ను ఒకడు ఒక్కసారి అడిగితే మొహం ఇంత మాడిపోయిందే, ఆవిడను ఊరంతా వినేలా అడిగారు కదా అని.

పొద్దు నడినెత్తి దాటాక, అమ్మమ్మ పనిచేసే తోటలోనే పిల్ల దొరికింది. ఆడవాళ్ళు కాయల కుప్ప పక్కన గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో అమ్మమ్మ ఒళ్ళో పిల్ల. సొన అంటకుండా చేతులకు రాసుకునే నూనెతో జిగురు నానబెట్టి, దూది ఒక్కొక్క పింజే ఊడదీస్తున్నారు. కింద చర్మం ఎర్రగా కందిపోయింది. "ఏ పాపిష్టోడు చేశాడో గానీ, వాడి చేతులు పడిపోనూ," అంటోంది పక్కావిడ. "అట్లా అనకే. తెలీక చేశారు," అంటూ తలెత్తిన అమ్మమ్మకు ఎదురుగా, చెప్పుల్లేకుండా, చిరిగిన బట్టలతో అయ్యగారు కనిపించారు. ఆవిడ గబుక్కున లేవబోయి, ఒళ్ళో పిల్ల ఉందని ఆగిపోయింది.

"కూర్చోండి అయ్యగారూ. ఇంత ఎండలో... పొద్దున్నుంచీ తిరుగుతున్నారా?"

"అవునమ్మా."

"దీని కోసమేనా?"

"దొరక్కుండా ఎలా వెనక్కెళ్ళనమ్మా?" అన్నారాయన, రొప్పుతూ.

అమ్మమ్మ పిల్ల వీపు నిమిరి, ఇంకో దూది పింజ ఊడదీసింది. తర్వాత మామూలు గొంతుతోనే, "నేనూ ఇక్కడే ఉన్నానండీ అయ్యగారూ. కోతలు మొదలైన కాణ్ణుంచీ ఈ చెట్టు కిందే ఉన్నాను. మీ గుడి గోడ అవతలే," అంది.

ఆ గొంతులో ఇసుమంత కోపం లేదు. ఉంటే నాకు తృప్తిగా ఉండేది. మైకు లేకుండా అయ్యగారికి మాట దొరకడం లేదని అప్పుడే చూశాను. ఎవరో నీళ్ళచెంబు ఇస్తే గటగటా తాగేసి, పిల్లను తీసుకుని, ఈసారి భుజాన వేసుకోకుండా రొమ్ముకు హత్తుకుని వెళ్ళిపోయారు. అంతే, అయిపోయిందనుకున్నాను. లారీ ఇంకా రాకముందే మళ్ళీ వచ్చారు, అవే చిరిగిన బట్టలతో, చేతిలో స్టీలు డబ్బా పట్టుకుని. బల్ల తెచ్చారు. ఒప్పుకోలు అడగలేదు. అలాగని క్షమించమనీ అనలేదు. అమ్మమ్మ కొంగు తల మీదికి లాక్కుని, "చేతులు సొనగా ఉన్నాయండీ," అని వెనక్కి తీసుకోబోయింది. "పర్వాలేదమ్మా," అని ఆ నల్లబడ్డ అరచేతిలో రొట్టెముక్క పెట్టారు. ఆవిడ చెట్టు కింద మోకరించి కళ్ళు మూసుకుంది. పనివాళ్ళంతా కాయలు కిందపెట్టి, అర్థమైనా కాకపోయినా లేచి నిలబడ్డారు.

తర్వాత ఆయన నా వైపు తిరిగి డబ్బా చాపారు. నేను చేతులు కట్టుకున్నాను. "నాకొద్దండీ. గొర్రె అని మైకులో అన్నారుగా, తప్పయిందని కూడా మైకులో చెప్పండి. అప్పుడు తీసుకుంటాను," అన్నాను. అమ్మమ్మ కళ్ళు తెరవలేదు, కసరలేదు. ఆయన డబ్బాకు మూతపెట్టుకుని వెళ్ళిపోయారు. సాయంత్రం సంఘమంతా మళ్ళీ కూడుకుని బల్ల తీసుకున్నారు. నేను వెళ్ళలేదు.

ఆ తర్వాత మైకులో పేర్లు చదవడం ఆగిపోయింది. బదిలీ అయి వెళ్ళేదాకా కోతల రోజుల్లో ఆయన ఆ డబ్బా పట్టుకుని తోటలన్నీ తిరిగేవారు, లైవ్ లేకుండా. ఊరంతా మంచాయన అంది. నేనూ కాదనను. కానీ తప్పయిందన్న మాట మాత్రం ఏ మైకులోనూ అనలేదు. దానికి నాకు ఇవాళ్టికీ కోపమే, ఎవరేమనుకున్నా సరే. అయితే ఒక్కోసారి పిల్లల పేపర్లు దిద్దుతూ ఆ మధ్యాహ్నం గుర్తుకొస్తే నాలో నేనే నవ్వుకుంటాను. ఆ ఆదివారం మా సంఘంలో బల్ల అందని మనిషి ఒక్కతే. ఏ కంచె కిందా దూరలేదు, ఏ తోటలోనూ మాయమవలేదు. అమ్మమ్మ పక్కనే, ఆయన చెయ్యి చాపినంత దూరంలో, చేతులు కట్టుకుని, దవడ బిగించి నిలబడి ఉంది.